చప్పుడు లేని గురి

కడప జిల్లావాణ్ణని చెప్పుకోగానే ఎదుటివారి ఊహలో మొదట మెదిలేది నాటుబాంబు, ఆ తరువాత తుపాకి. 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఇంద్ర వచ్చిన నాటినుండి ఈ జబ్బు మరింత ముదిరింది. కమలాపురంలో పాపాఘ్ని ఇసుక తొక్కి పెరిగినవాణ్ణి గనుక నాకు రోషం రావడం సహజమే. అయితే నా జగడం ఇవాళ ఆ బయటివారితో కాదు, మనవారితోనే.

తుపాకి మీద మనకున్న మోజంతా దాని చప్పుడు మీది మోజు. నాయకుని వెంట గన్‌మెన్లు నడిస్తే గౌరవం. లైసెన్సు పిస్తోలు చొక్కా కింద ఉబ్బెత్తుగా కనబడితే పెద్దరికం. ఉత్తరాదిన పెళ్ళి ఊరేగింపులలో గాలిలోకి కాల్చే పిచ్చి ఎంతవరకు పోయిందంటే, 2019లో ఆయుధ చట్టాన్ని సవరించి అట్టివారికి రెండేళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని వ్రాయవలసి వచ్చింది. ఈ శూరులలో ఎందరికి పది మీటర్ల దూరాన కాగితం మీది నల్లచుక్కను కొట్టడం చేతనౌనో విచారించండి. ఆకాశానికి గురి పెట్టేవానికి గురి తప్పే బెంగ లేదు గదా!

పది మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో పది పాయింట్లిచ్చే మధ్య వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. పిస్తోలు మీద వెనక ఒక గంటు, ముందు ఒక ముక్క; ఆ రెంటి నడుమ దూరం రమారమి ఒక అడుగు. వాటి అమరికలో ఒక్క మిల్లీమీటరు పొరపాటు జరిగితే లక్ష్యం దగ్గర అది మూడు సెంటీమీటర్లవుతుంది. కనుక అసలు విద్య మీట నొక్కే ఆ ఒక్క క్షణంలో ముందు ముక్క చెదరకుండా నిలుపుకోవడం. దానికి గుండు అక్కరలేదు. తెల్లగోడకెదురుగా నిలబడి, లక్ష్యమంటూ ఏదీ పెట్టుకోక, చూపును ముందు ముక్క మీదనే నిలిపి, ఖాళీ పిస్తోలు మీటను మెల్లగా నొక్కడమే సాధన. దీనినే డ్రై ఫైరింగ్ అంటారు. టక్కుమనే ఆ చిన్న శబ్దం నాటికి ముక్క కదిలిందా లేదా అన్నది కంటికి తెలిసిపోతుంది. నిజపు గుండు పేలినప్పుడు ఆ అదురుపాటులో మన తప్పు దాగిపోతుంది. ఖాళీ పిస్తోలు దాచదు. చప్పుడుకు ముందే బెదిరి మణికట్టు వంచే దురలవాటును పట్టియిచ్చేది కూడా ఇదే.

"ఇదంతా డబ్బున్న బిడ్డల ఆట నాయనా, మనకేల?" అనే పెద్దలున్నారు. సగం నిజమే. పోటీకి పనికివచ్చే విదేశీ ఎయిర్ పిస్టల్ లక్ష దాటుతుంది. కానీ రోజూ చేయవలసిన సాధనలో పెద్దపాలు పైసా ఖర్చు లేనిది. 2020లో కరోనా వల్ల శిక్షణ కేంద్రాలు మూతబడినప్పుడు దేశమంతటా షూటర్లు తమ ఇళ్ళలో గోడలకెదురుగా చేసినది ఇదే. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2018 జాతీయ పోటీలలో మను భాకర్, హీనా సిద్ధూలను దాటి బంగారు పతకం గెలిచేనాటికి పదమూడేళ్ళది. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. హైదరాబాదులో ఉన్న వసతి కమలాపురంలో లేదు, ఒప్పుకుంటాను. గోడలు మాత్రం ఇక్కడా ఉన్నాయి.

బాంబులంటే గుర్తుకు వస్తున్నది. హంగరీ సైన్యంలో కారొలి టకాచ్ అనే సార్జెంటు ఉండేవాడు. 1938లో లోపమున్న చేతిబాంబు పేలి అతని కుడిచేయి, అంటే పిస్తోలు పట్టే చేయి, పాడైంది. ఎవరికీ చెప్పకుండా ఎడమచేతితో మొదటినుండి నేర్చుకున్నాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో, మళ్ళీ 1952 హెల్సింకీలో స్వర్ణాలు గెలిచాడు. బాంబులు చుడుతూ చేతులు పోగొట్టుకున్నవారు మన సీమలోనూ ఉన్నారు. వారి చేతులు ఎవరి పంతానికి బలియైనవో మనకు తెలియనిది కాదు.

ఒక మాట కటువుగానే చెప్పాలి. ఖాళీ తుపాకి అన్నమాటను నమ్మరాదు. ఖాళీయేనని తలచి నొక్కినవే ఎన్నో ఇళ్ళలో ప్రాణాలు తీసినవి. సాధనకు ముందు మేగజీను ఊడదీసి, అర తెరచి, కంటితో చూచి, వేలితో తడిమి తేల్చుకోవలసిందే. నిజపు తూటాలు ఆ గదిలోనే ఉండరాదు. గోడకావల మనుషులుండే దిక్కుకు గొట్టం తిప్పరాదు. సాధన ముగిశాక "ఇంకొక్కసారి" అనడం అన్నింటికంటే ప్రమాదం. అప్పటికి తూటాలు తిరిగి ఎక్కించి ఉండవచ్చు. .22 పిస్తోలును ఊరకే నొక్కితే లోపలి సూది దెబ్బతింటుంది గనుక డమ్మీ తూటా పెట్టాలి. ఈ శ్రద్ధ చూపలేనివాడు పిస్తోలు జోలికి పోకుండుటే మేలు, వాని లైసెన్సు ఎంత పెద్దవారి సిఫారసుతో వచ్చినదైనా సరే.

.177 ఎయిర్ పిస్టల్‌కు, శక్తి 20 జౌళ్ళు మించనంతవరకు, 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుతో పని లేదు. కాబట్టి మా శాసనసభ్యులకు, వారి ప్రత్యర్థులకు కలిపి ఒకే కోరిక: మీ గన్‌మెన్ల మీద అయ్యే ఖర్చులో ఏ కొంచెమో మిగిల్చి, కమలాపురంలో ఒక ఉన్నత పాఠశాల వరండాకు నాలుగు ఎయిర్ పిస్టళ్ళు, వాటికి తాళమున్న ఇనుప బీరువా, ఒక శిక్షకుణ్ణి ఇప్పించండి. గుండ్ల సంగతి రెండో ఏడు చూచుకోవచ్చు.