నౌపడ అడుగున చమురు కలదా?

కోనసీమలో చమురు, గ్యాసు లభించుచుండగా నౌపడలో ఏల లభింపవు? శ్రీకాకుళపు తీరమున భూగోళము బోధించు ఉపాధ్యాయునికి ఈ ప్రశ్న ఎదురుగాక తప్పదు. సముద్రము రెండు చోట్లను ఒక్కటే. అడుగున నున్న నేల వేరు.

కోట్ల సంవత్సరములుగా నదులు తెచ్చి పోసిన ఒండ్రు గోదావరీ ముఖమున కిలోమీటర్ల మందమున పేరుకొన్నది. అందు పూడిన జీవపదార్థమే వేడికిని ఒత్తిడికిని చమురుగా, గ్యాసుగా మారినది. టెక్కలి, పలాస ప్రాంతములలోనో, తూర్పు కనుమల ప్రాచీన శిల కడలికి చేరువగా వచ్చినది. అట్టి శిలలో చమురు పుట్టదు. నౌపడకు దక్కిన గని ఉప్పుమడియే.

ఈ భేదమును నేడు కంటికి కట్టించునది భౌగోళిక సమాచార వ్యవస్థ. శిలల స్వభావము ఒక పొర. భూమిలోనికి పంపిన ధ్వని తరంగముల ప్రతిధ్వనులు మరియొక పొర. త్రవ్విన బావుల లోతు, ఫలితము వేరొకటి. అక్షాంశ రేఖాంశములను బట్టి వీనిని ఒకదానిపై నొకటి పరచినచో, ఎక్కడ త్రవ్వుట మేలో ఊహింపవచ్చును. ఊహయే సుమా! 2002లో కనుగొన్న కె.జి. డి-6 క్షేత్రమున 2009లో ఉత్పత్తి మొదలయ్యెను. 2010లో దినమునకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్ల గ్యాసు వచ్చెను. 2013 నాటికి అది 2 కోట్లకు దిగువకు జారెను. పటము చోటును చూపగలిగినది గాని రాశిని తేల్చలేకపోయినది.

పటముపై మరియొక పొర కలదు: మనుష్యులది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి ఎగదన్ని రెండు నెలలకు పైగా మండెను. 2014 జూన్ 27న నగరం గ్రామమున గ్యాసు గొట్టము పగిలి ఇరువదిమందికి పైగా మరణించిరి. పొడి గ్యాసుకొరకు వేసిన గొట్టమున తేమగల గ్యాసు పారుటచే తుప్పు పట్టెనని విచారణలో తేలెను. గొట్టము పోవు దారిని గుర్తించిన పటమున దాని తుప్పును గూడ గుర్తింపవలదా?

చమురు లేకున్నను నౌపడకు ఈ విషయము పరాయిది కాదు. శ్రీకాకుళమునుండి ఒడిశాలోని అంగుల్‌కు గెయిల్ సంస్థ చేపట్టిన గ్యాసు గొట్టపు మార్గము ఈ జిల్లా నేలమీదుగనే పోవలసినది. ఇచ్చటి తంపర భూములు బంజరులా, చేపలకును పక్షులకును నెలవైన చిత్తడులా అను వివాదము థర్మల్ కేంద్రము నాడే రగిలినది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి వద్ద పోలీసు కాల్పులలో ఇరువురు మరణించిరి. వాననాడు తంపర నీరు ఎంతవరకు పరచుకొనునో, తేలినీలాపురపు కొంగలు ఎచ్చట మేయునో ఆ యూరి బాలురకు తెలియును. ఆ పొరను తరగతి గదిలోనే గీయింపవచ్చును.