ఇంగ్లీషు వాక్యమును నడపునది క్రియయే

ఇంగ్లీషు వాక్యములు అయిదు విధములని మన పై తరగతుల విద్యార్థు లెల్లరు నెఱుగుదురు. ఈ విభాగము క్రొత్తది కాదు. సి. టి. ఆనియన్స్ అను ఆంగ్ల పండితుడు 1904లో ప్రకటించిన వాక్యనిర్మాణ గ్రంథమునందే ఈ అయిదు రూపములును గలవు. అడిగినచో బాలుడు కర్త, క్రియ, కర్మ యనుచు అయిదింటిని తడబడక అప్పగించును. ఆ బాలుడే పాఠము తెలియక లేచి నిలిచి, ‘ఎక్స్‌ప్లెయిన్ మీ దిస్ లెసన్’ అనును. మూసలు నోటికి వచ్చియు వాక్యము చెడుటకు కారణమేమి? మూసల పేళ్లు నేర్పబడుచున్నవి గాని, ఏ క్రియ యే మూసలో నొదుగునో నేర్పబడుట లేదని నా యభిప్రాయము.

‘గివ్ మీ ది బుక్’ అనవచ్చును. ‘టెల్ మీ ది స్టోరీ’ అనవచ్చును. ‘షో మీ ది మ్యాప్’ అనవచ్చును. ‘ఎక్స్‌ప్లెయిన్’ అను క్రియ మాత్రము ఆ వరుసలో నిలువదు. ‘ఎక్స్‌ప్లెయిన్ ది లెసన్ టు మీ’ అనియే చెప్పవలెను. తెలుగున నన్నింటికిని ‘నాకు’ అను నొక్క మాటయే చాలును. మన ‘కు’ ప్రత్యయము మిక్కిలి ఉదారమైనది. ఇచ్చుటకును, చెప్పుటకును, వివరించుటకును మాత్రమే కాదు, తుదకు ఆకలికిని జ్వరమునకును గూడ నదియే. ‘నాకు ఆకలిగా నున్నది’, ‘నాకు ఇంగ్లీషు వచ్చును’ అందుము. ఇంగ్లీషువాడు ఆ మనుష్యుని ముందునకు లాగి కర్తగా నిలిపి, ‘ఐ యామ్ హంగ్రీ’, ‘ఐ నో ఇంగ్లీష్’ అనును.

రెండు భాషలకు గల యసలు భేదము క్రియయొక్క స్థానమునందున్నది. ‘రాముడు రావణుని చంపెను’ అన్నను, ‘రావణుని రాముడు చంపెను’ అన్నను మనకు చచ్చినవాడు రావణుడే. విభక్తి ప్రత్యయము వాని నంటిపెట్టుకొని యుండును. ఇంగ్లీషున పేళ్లు తారుమారైనచో రామాయణమే తారుమారగును. మఱియు మనము క్రియను వాక్యము తుదకు దాచుకొందుము. ఇంగ్లీషు వాక్యమున క్రియ కర్త వెంటనే వచ్చి, తన తరువాత నేమి రావలయునో తానే శాసించును. కావున ఆ క్రియ స్వభావమెఱుగనివాడు వాక్యము నడుమ నిలిచిపోవును.

ఈ విషయమును లోతుగా పరిశీలించినవారు లండను నగరమున గాక జపానులో పనిచేయుట గమనింపదగినది. హెరల్డ్ పామర్ 1922లోను, ఏ. ఎస్. హార్న్‌బీ 1924లోను ఆ దేశమునకు వెళ్లిరి. జపాను భాషలోను క్రియ వాక్యాంతముననే యుండును. అట్టి విద్యార్థులకు బోధించుచు వారు ఒక్కొక్క క్రియకు ఏ నిర్మాణము చెల్లునో పట్టికలు వ్రాసికొనిరి. హార్న్‌బీయు నిరువురు సహచరులును గూర్చిన నిఘంటువు 1942లో టోక్యోలో వెలువడి, 1948లో ఆక్స్‌ఫర్డు ముద్రణగా లోకమునకు పరిచితమైనది. క్రియల 25 మూసలు హార్న్‌బీ 1954 నాటి గ్రంథమున వివరింపబడినవి. తుదిని క్రియనుంచు జాతికై పుట్టిన యీ పద్ధతి మనకును సరిపడుటలో వింత లేదు.

ఒక్క యుదాహరణము చాలును. ‘అతడు వెళ్లవలెనని కోరుచున్నాను’ అను తెలుగు వాక్యమును బాలుడు ‘ఐ వాంట్ దట్ హి షుడ్ గో’ అని మార్చును. ‘అని’ అను మన చిన్ని మాట యాతనికి ‘దట్’గా తోచును. కాని ‘వాంట్’ దానిని సహింపదు. ‘ఐ వాంట్ హిమ్ టు గో’ అనవలెను. ‘ఆస్క్’, ‘అడ్వైజ్’ అనునవియు ‘హిమ్ టు గో’ అను నా బాటనే నడచును. ఇది నేర్చిన బాలుడు ఉత్సాహముతో ‘హి సజెస్టెడ్ మీ టు గో’ అని మఱల తప్పునపడును. ‘సజెస్ట్’ మాత్రము మన ‘అని’ వంటి నిర్మాణమునే కోరును: ‘హి సజెస్టెడ్ దట్ ఐ షుడ్ గో’. అర్థము దగ్గఱయైనను నడక వేఱు. అర్థమే తలక్రిందులగు చోట్లును గలవు. ‘హి స్టాప్డ్ టు రీడ్’ అనగా చదువుటకై ఆగెను. ‘హి స్టాప్డ్ రీడింగ్’ అనగా చదువుట మానెను. పరీక్షలో నొక మార్కు పోవుట యటుండగా, ఉత్తరమున నిట్టి పొరపాటు వచ్చిన చదువరి యేమనుకొనును?

ఇట్టి తప్పులు విని నవ్వువారు కొందఱు గలరు. ఆ నవ్వు మిక్కిలి నష్టకరము. పల్లెనుండి వచ్చిన బాలిక ‘డిస్కస్ అబౌట్’ అన్నచో నామె మందమతి గాదు. ‘దానిని గూర్చి చర్చించితిమి’ అను చక్కని తెలుగు ఆమె నోట ఇంగ్లీషు తొడుగుకొని వచ్చినది. ఒకసారి తరగతిలో నవ్వులపాలైన పిల్ల మఱల నోరు తెఱచుట కెన్నాళ్లు పట్టునో ఉపాధ్యాయులు తలపోయవలెను. కర్తరి వాక్యములను కర్మణిగా త్రిప్పుటకు వెచ్చించు గంటలలో కొన్ని యీ క్రియల పరిచయమునకు వినియోగించినచో మేలు. దొంగ పోలీసుచే పట్టుబడుట యెన్నిమాఱులు వ్రాయింతుము!

మూసలనే చిలుకపలుకులుగా వల్లింపజేయుట చాలునని నేననుట లేదు. 1950 తరువాతి సంవత్సరములలో చెన్నపురి రాజ్యమున నట్టి నిర్మాణపద్ధతి విరివిగా ప్రవేశపెట్టబడెను. తరగతిలో సరిగా పలికినవాడు బయట మాటలాడలేకపోవు లోపమును జూచి, ఎన్. ఎస్. ప్రభుగారు 1979 నుండి 1984 వరకు దక్షిణ భారతమున కొన్ని పాఠశాలలలో వేఱొక ప్రయోగము నడపిరి. పటములు, కాలపట్టికలు చూచి చిక్కులు విప్పుచు, అర్థముపై దృష్టి నిలిపినపుడే భాష యబ్బునని వారి తలంపు. ఇందు సత్యము గలదు. అయినను తరగతి వెలుపల ఇంగ్లీషు వినబడని యూళ్లలో, మూసల యూతకఱ్ఱను ముందే లాగివేయుట తగదని నాకు దోచుచున్నది.

విద్యార్థులు క్రొత్త క్రియ కనబడినపుడు దాని ప్రక్కన తెలుగర్థము వ్రాసి యూరకుండక, తమ యింటికో యూరికో సంబంధించిన పూర్తి వాక్యమొకటి వ్రాసికొందురుగాక. ‘ఎక్స్‌ప్లెయిన్’ ప్రక్కన ‘వివరించు’ అని యుండుటకంటె, ‘మై ఫాదర్ ఎక్స్‌ప్లెయిన్డ్ ది లెటర్ టు మై గ్రాండ్‌మదర్’ అని యుండుట మేలు. ‘టు’ ఎక్కడ నిలిచినదో కంటికే తెలియును. ఇంగ్లీషు రాని తల్లియు రాత్రి భోజనమైన పిదప నోటుపుస్తకము తెఱచి, ఆ క్రియ ప్రక్కన ఒక్క మాటయే యున్నదా, వాక్యము పొడవున సాగినదా యని చూడగలదు.