పార్కు గేటు ఎటువైపు?

మ్యాప్ యాప్‌లో ఏదైనా పార్కు పేరు కొట్టి చూడండి. పచ్చటి ముక్క ఒకటి, దాని మీద పిన్ను వస్తాయి. మోకాళ్ల నొప్పులున్న మా నాన్నకి వాటితో పనిలేదు. గేటు ఎటువైపు, లోపల బెంచీ ఉందా, బాత్రూమ్‌కి తాళం వేసి ఉంటుందా? ఈ మూడూ తెలిస్తేనే ఆయన చెప్పులేసుకుంటారు.

జీఐఎస్ అంటే ఏదో పెద్ద సబ్జెక్టు అనుకుంటాం గానీ, పని సింపులే. చుక్కో, గీతో, ఆకారమో గీసి, దానికో టేబుల్ తగిలించడం. గేటు చుక్క, నడక దారి గీత, పార్కు ఆకారం. టేబుల్‌లో తెరిచే టైము, లైట్లు, తాగునీళ్లు. ఆ టేబుల్ నింపేవాళ్లు లేకపోతే ఎంత అందమైన మ్యాపైనా గోడకి వేలాడే పాత క్యాలెండరే.

అమెరికాలో ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్ అనే సంస్థకి పార్క్‌సర్వ్ అని ఒక మ్యాప్ ఉంది. ఇంటి నుంచి పది నిమిషాల నడకలో, అంటే దాదాపు 800 మీటర్లలో, పార్కు వస్తుందా లేదా చూపిస్తుంది. నాకు నచ్చింది వాళ్లు కొలిచే పద్ధతి. పార్కు చుట్టూ ఓ సున్నా చుట్టేసి అందరికీ దగ్గరేనని చేతులు దులుపుకోరు. నిజంగా నడవగలిగే దారుల వెంట కొలుస్తారు. మనకీ ఇదే కావాలి. నాలాకి ఇవతల ఇల్లు, అవతల పార్కు అనుకోండి. కాకి లెక్కన రెండొందల మీటర్లు, కాళ్ల లెక్కన కిలోమీటరున్నర!

ఇంకో సంగతి. లేఅవుట్ వేసేటప్పుడు పార్కుకని ఖాళీ స్థలం వదలాలని మన దగ్గర రూల్ ఉంది. కాగితం మీద వదులుతారు కూడా. మా కాలనీ లేఅవుట్ కాపీని ఓ ఆదివారం స్కాన్ చేసి, క్యూజీఐఎస్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టాను. నాలుగైదు రోడ్డు మలుపులు గుర్తుపట్టి శాటిలైట్ ఫొటోతో కలిపితే కాగితం వెళ్లి నేల మీద కూర్చుంటుంది. పార్కు అని రాసి ఉన్న చోట, ఒక మూల రేకుల షెడ్డు! గూగుల్ ఎర్త్‌లో పాత ఫొటోలు వెనక్కి తిప్పితే అది ఏ ఏడాది మొలిచిందో కూడా తెలిసిపోయింది. స్క్రీన్‌షాట్ కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. రెండు రోజులు ఒక్కరూ నోరు మెదపలేదు. మూడో రోజు ఒక ఆంటీ, "బాబూ, మిగిలినదానికైనా కంచె వేయించొచ్చా?" అని అడిగారు. ఇప్పుడు సంతకాల కాగితం ఇంటింటికీ తిరుగుతోంది.

ఒక్కటి గుర్తుంచుకోండి, నా మ్యాప్ తీర్పు కాదు. నాలుగైదు మీటర్లు అటూ ఇటూ అవుతుంది. సర్వేయర్ వచ్చి కొలిస్తేనే లెక్క. కానీ ఫిర్యాదుకి ఇలాంటి బొమ్మ జోడిస్తే మాట తేలిగ్గా తీసిపారేయలేరు. హైదరాబాద్‌లో 2024లో మొదలైన హైడ్రా పార్కుల ఆక్రమణలనీ చూస్తుంది, శాటిలైట్ ఫొటోలూ వాడుతుంది.

మీరు క్యూజీఐఎస్ దాకా వెళ్లక్కర్లేదు. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ని ఎవరైనా దిద్దొచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో స్ట్రీట్‌కంప్లీట్ యాప్ వేసుకుని పార్కులో నడవండి, ప్రశ్నలు అదే అడుగుతుంది. ఈ బెంచీకి వీపు ఆనించుకునే వీలుందా అని కూడా! గూగుల్ మ్యాప్స్ చూసి మాత్రం అందులోకి కాపీ కొట్టకండి, లైసెన్స్ ఒప్పుకోదు. కళ్లతో చూసిందే రాయాలి. పొద్దున్నే వెళ్లండి, సాయంత్రమైతే ఒక్క బెంచీ కూడా ఖాళీ ఉండదు.