చాపరాయికి ఎందుకు వెళ్ళకూడదు?

సంక్రాంతి సెలవులకు ముందు ఒక ఆదివారం పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్దామని మాస్టార్లు అనుకుంటున్నారట. మెస్‌లో ఆ మాట వచ్చినప్పుడు నేను చాపరాయి అన్నాను. సగం మంది నవ్వేశారు. "అదేం జలపాతంరా, రోడ్డు పక్కన గెడ్డ!" అన్నాడొకడు. ఇంకొకడు వైజాగ్ బీచ్ అన్నాడు. వార్డెన్ మాస్టారు మాత్రం నవ్వలేదు. "పోయినేడు అయింది చాలదా?" అనేసి వెళ్ళిపోయారు. అందుకే ఇది రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ముందు ఆ 'రోడ్డు పక్కన' అన్న మాట సంగతి చూద్దాం. కటికి జలపాతం చూడాలంటే బొర్రా దగ్గర పెద్ద రోడ్డు వదిలేసి జీపు ఎక్కాలి, ఆ తర్వాత నడవాలి. మా నాయనమ్మ ఈ జన్మలో అక్కడికి పోలేదు. చాపరాయి అలా కాదు. అరకు నుంచి డుంబ్రిగుడ మీదుగా పాడేరు పోయే దారిలో బస్సు దిగితే చాలు, నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మలు కూడా కూర్చుని కాళ్ళు తడుపుకోవచ్చు. నీళ్ళు ఎక్కడో పైనుంచి దూకవు, వెడల్పాటి బండ మీద జారుకుంటూ పోతాయి. చాప పరిచినట్టుంటుంది గనక ఆ పేరొచ్చిందని మా తాత చెబుతాడు. దూకితేనే జలపాతమా, జారితే కాదా?

(రాయి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే ఒక రకం రాయికి ఖోండలైట్ అని పేరు. అది మన కోందు జాతి పేరు మీద పెట్టిందే. ఈ సంగతి సోషల్ పుస్తకంలో లేదు. ఉంటే బాగుండును.)

ఇక పోయినేడు జరిగింది. తొమ్మిదో తరగతి తమ్ముడు ఒకడు నీళ్ళలో అడుగు పెట్టాడు, సీసా పెంకు దిగింది. ఆసుపత్రికి తీసుకుపోతే నాలుగు కుట్లు పడ్డాయి. వాడు చేసిన తప్పేమీ లేదు. బండ మీద పరిగెత్తలేదు, లోతులోకి పోలేదు. ఎవరో తాగి, సీసాని రాతికి కొట్టి పోయారు, అంతే. ఆ రోజు నుంచి మన హాస్టల్‌కి షికారు బంద్. పగలగొట్టినవాడు కారెక్కి పోయాడు, శిక్ష మాత్రం రెండొందల మంది పిల్లలకి పడింది. ఇది నాకు న్యాయంగా తోచలేదు.

మాస్టారి భయం నాకు అర్థం కాదని కాదు. అక్కడ ప్రాణాలు పోయిన వార్తలు మనం పేపర్లో చదివాం. చదువుకున్న పెద్ద పిల్లలే పోయారు. సులువుగా చేరే చోటు కాబట్టి జనానికి భయం ఉండదు. చీలమండ దాకా నీళ్ళే కదా అని నడుస్తారు. బండకి పాచి పట్టి ఉంటుంది. కాలు జారితే పట్టుకోడానికి ఏమీ ఉండదు, నీళ్ళు తీసుకెళ్ళి గుంటలో పడేస్తాయి. పైన కొండ మీద వాన పడితే, కింద ఎండ కాస్తున్నా గెడ్డ పొంగుతుంది. ఇది మనకి చిన్నప్పటి నుంచి తెలుసు. నీళ్ళ రంగు మారితే గట్టెక్కాలని మా అమ్మ నాకు నడక రాకముందే చెప్పి ఉంటుంది! పట్నం నుంచి వందకు పైగా కిలోమీటర్లు ఘాటీ ఎక్కి వచ్చినవాళ్ళకి ఎవరు చెబుతారు? మనమే చెప్పాలి. మనల్నే అక్కడికి వెళ్ళొద్దంటే ఇంకెవరు చెబుతారు?

మా గదిలో ఒక అన్న అంటాడు, "అసలు టూరిస్టులే రాకూడదు, దారి మూసెయ్యాలి" అని. వలిసె పూల చేలో దిగి ఫొటోల కోసం మొక్కలు తొక్కేసినప్పుడు, అడక్కుండా మన ఆడవాళ్ళ ఫొటోలు తీసినప్పుడు నాకూ అంతే కోపం వస్తుంది. కానీ మా పిన్ని అక్కడే మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముతుంది. డిసెంబరు, జనవరిలో వచ్చిన డబ్బుల్తోనే మా చెల్లి పుస్తకాలు, పిన్ని కళ్ళజోడు అన్నీను. దారి మూస్తే ముందు ఆరేది మా పిన్ని పొయ్యి. అన్నకి ఈ మాట చెప్తే, "అయితే చెత్త కూడా మీ పిన్నే ఎత్తాలా?" అన్నాడు. దానికి నేను అప్పుడు జవాబు చెప్పలేకపోయాను.

ఇప్పుడు చెప్తాను. పిన్ని ఎత్తుతోంది కూడా. సాయంత్రం కొట్టు కట్టేశాక తన ముందున్న మేరకు ఊడుస్తుంది. కానీ నీళ్ళలోది ఎవరు తీస్తారు? కింద ఊళ్ళో ఆవులు తాగేది ఆ నీళ్ళే, బట్టలు ఉతికేదీ అందులోనే. 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో, ఏజెన్సీ భూముల్ని గనుల కోసం గిరిజనేతరులకి లీజుకివ్వకూడదని తీర్పు ఇచ్చింది. ఆ తగువు మన పక్కనున్న అనంతగిరి మండలంలో పుట్టిందే. భూమి మనదని అంత పోరాడినవాళ్ళున్న చోట, గెడ్డలో సీసాలు చూసి ఊరుకుంటే ఎలా? ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు దేశమంతా 2022 జూలై నుంచి నిషేధం. అయినా ఆ బండ మీద కనబడుతున్నాయి. అడ్డాకులు మన అడవిలోనే కదా ఉన్నాయి, కొట్లవాళ్ళు విస్తర్లు వాడితే ఏం పోతుంది? పిన్నికి చెప్పాను. "నువ్వు కుట్టిస్తావా?" అంది. కుట్టిస్తానన్నాను.

కాబట్టి మాస్టార్లకి నా మనవి ఇది. చాపరాయికే వెళ్దాం. జనవరిలో నీళ్ళు తగ్గి ఉంటాయి, మబ్బు పట్టిన రోజు వద్దు. పొద్దున్నే, కార్లు రాకముందే చేరుకుందాం. ఎనిమిది లోపు తరగతుల పిల్లలు గట్టు మీదే ఉంటారు. చెప్పులు విప్పొద్దు. పెద్ద పిల్లలం ముందు దిగి పెంకులు ఏరతాం, ఆ తర్వాతే ఆటలు. కాలు తెగిన తమ్ముణ్ణి కూడా అడిగాను. వస్తానన్నాడు, సీసాలు ఏరడానికి తనే ముందుంటానన్నాడు.

స్టోరులో బియ్యం ఖాళీ అయిన గోనె సంచులు ఆరున్నాయి. వార్డెన్ మాస్టారు అవి ఇప్పిస్తే మిగతా ఏర్పాట్లు పదో తరగతి వాళ్ళం చూసుకుంటాం.