పటర్ కొనే ముందు అద్దం చూసుకోండి

మా రూములో నా మంచం కింద ఒక ఇనప కర్ర ఉంటుంది. కొత్తగా వచ్చిన జూనియర్లు దాన్ని చూసి "అన్నా, ఇది హాకీ స్టిక్కా? గొడవలకి దాచుకున్నావా?" అని అడుగుతుంటారు. గోల్ఫ్ పటర్ రా అంటే ముందు నా మొహం వైపు, తర్వాత నా హవాయి చెప్పుల వైపు చూస్తారు. "నువ్వు గోల్ఫ్ ఆడతావా?" అనే ప్రశ్న ఆ చూపులోనే ఉంటుంది.

ఆడతాను. మా నాన్న విశాఖలో ఒక గోల్ఫ్ కోర్సులో 22 ఏళ్ళుగా కేడీ. సినిమాల్లో కేడీ కాదు బాబూ, ఆటగాడి బ్యాగు మోస్తూ, ఏ కర్ర తీయాలో, గ్రీన్ ఎటు వాలిందో చెప్పే మనిషి. సోమవారం సభ్యులకి సెలవు. ఆ పొద్దున్న కేడీలని ఆడుకోనిస్తారు. నేను ఏడో తరగతి నుంచీ సెలవుల్లో వాళ్ళ వెనకే తిరిగి నేర్చుకున్నాను. ఇలా నేర్చుకోవడం మన దేశంలో వింతేం కాదు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ కూడా ఢిల్లీలో కేడీగా మొదలైనవాడే.

పటర్ ఎలా ఎంచుకోవాలి అన్నదాని మీద నాకో అభిప్రాయం ఉంది. ఆ అభిప్రాయానికి నాకు 18 వేలు ఖర్చయింది కాబట్టి, రాసే హక్కు కూడా ఉందనుకుంటున్నాను.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బ్యాగులో 14 కర్రల దాకా పెట్టుకోవచ్చు. 13 బంతిని గాల్లోకి లేపడానికి. ఒక్కటి మాత్రం, గ్రీన్ మీదకి వచ్చాక బంతిని హోల్‌లోకి దొర్లించడానికి. అదే పటర్. పార్ 72 కోర్సులో ఒక్కో హోల్‌కి 2 పట్ల చొప్పున లెక్కేసుకుంటారు, అంటే సగం దెబ్బలు దీంతోనే. దీనికి కండబలం అక్కర్లేదు. అరవయ్యేళ్ళ రిటైర్డ్ మాస్టారు పాతికేళ్ళ కుర్రాణ్ణి ఓడించగల చోటు కోర్సు మొత్తంలో ఇదొక్కటే. అందుకే పటర్ మీద ఉన్నన్ని పిచ్చి నమ్మకాలు ఇంకే కర్ర మీదా ఉండవు.

నాకూ ఒక పిచ్చి నమ్మకం ఉండేది. దాని పేరు మొమెంట్ ఆఫ్ ఇనర్షియా.

సెకండియర్‌లో అది చదివాక నా కళ్ళకి లోకమంతా m r² లాగే కనిపించింది. పటర్లలో ప్రధానంగా రెండు రకాలు. సన్నగా, పలకలా ఉండేది బ్లేడ్. వెనక్కి బాగా సాగి, బరువంతా అంచులకి తోసి ఉండేది మాలెట్. బంతి ఫేస్ మధ్యలో కాకుండా పక్కకి తగిలితే తల మెలిక తిరుగుతుంది. బరువు అంచుల్లో ఉంటే మెలిక తక్కువ. అంటే మాలెట్ మన తప్పుని కొంత క్షమిస్తుంది. సూత్రం ఉంది, డయాగ్రమ్ ఉంది, ఇంకేం కావాలి?

పైగా ఈ ఆలోచన వెనక ఉన్నవాళ్ళు మనవాళ్ళే, అంటే ఇంజనీర్లు. అమెరికాలో స్కెనెక్టడీ అనే ఊళ్ళో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసే ఆర్థర్ నైట్, కడ్డీని తల చివర కాకుండా మధ్యలో బిగించి ఒక పటర్ చేశాడు. దాంతో వాల్టర్ ట్రావిస్ అనే అమెరికన్ 1904లో బ్రిటిష్ అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్ ఎగరేసుకుపోయాడు. ఆ తరహా పటర్లని బ్రిటన్‌లో పాలకమండలి 1910లో నిషేధించి, 1951 దాకా ఎత్తలేదు. తర్వాత కార్‌స్టెన్ సోల్‌హైమ్. ఈయనా జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరే. పట్‌లు సరిగ్గా పడటంలేదని విసుగొచ్చి, 1959లో ఇంటి గ్యారేజీలో, బరువుని రెండు చివర్లకీ సర్ది ఒక పటర్ చేశాడు. బంతి తగిలితే 'పింగ్' అని మోగింది, కంపెనీకి అదే పేరైంది. 1966లో ఆయన ఒక గ్రామఫోన్ రికార్డు కవరు మీద గీసిన డిజైన్‌కి భార్య లూయీస్ 'ఆన్సర్' అని పేరు పెట్టింది. తల మీద అక్షరాలు పట్టడం లేదంటే, ఇంగ్లీషు స్పెల్లింగులోంచి డబ్ల్యూ తీసేయమంది. ఈ రోజు షాపులో కనిపించే బ్లేడుల్లో సగం దానికి పిల్లలో, మనవలో.

ఇవన్నీ చదివి, వేసవి ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ చేతికి రాగానే నేరుగా షాపుకెళ్ళాను. ఆ డబ్బు ఇంట్లో ఇచ్చి హాస్టల్ ఫీజులో కలపమనాలని ముందు అనుకున్నమాట నిజం. అమ్మకి చెప్పాను కూడా. కానీ షాపులో ఆ మాలెట్ చేతిలోకి తీసుకున్నాక అమ్మ గుర్తురాలేదు. సేల్స్ కుర్రాడు నా ఎత్తు అడగలేదు, నేనూ చెప్పలేదు. "టాప్ మోడల్ సార్, అందరూ ఇదే తీసుకుంటున్నారు" అన్నాడు. నన్ను సార్ అన్న మొదటి మనిషి అతనే. బిల్లు కట్టేశాను.

రెండు నెలలు. పది అడుగుల నుంచి ఎడమకి. ఆరడుగుల నుంచి ఎడమకి. హాస్టల్ కారిడార్‌లో స్టీలు గ్లాసు పెట్టి కొడితే అక్కడా ఎడమకే. సూత్రం నాది కరెక్టే కదా, మరి తప్పెక్కడ? నా చేతులది అనుకున్నాను. గ్రిప్ మార్చాను, నిలబడే తీరు మార్చాను, యూట్యూబ్‌లో గంటలు గంటలు చూశాను, ఆ సెమిస్టర్‌లో ఒక బ్యాక్‌లాగ్ కూడా తెచ్చుకున్నాను (దానికి పటర్ ఒక్కటే కారణం అని చెప్పను).

దసరాకి ఇంటికెళ్ళినప్పుడు నాన్న ధర అడిగాడు. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తిడితే బాగుండేది. సోమవారం గ్రీన్ మీద నా నాలుగు పట్‌లు చూసి, వంగి, పటర్ తల కింద ఒక రూపాయి బిళ్ళ దూర్చాడు. ముందు కొన కింద అది హాయిగా దూరిపోయింది.

"సూడు, ముక్కు పైకి లేగిసిపోనాది. కర్ర పొడుగురా నీకు."

అంతే. నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. పటర్ 35 అంగుళాలు. పొడుగు కర్రని పొట్టివాడు పట్టుకుంటే బంతి కాళ్ళకి దూరంగా పోతుంది, కడ్డీ వాలుతుంది, హీల్ నేలకి ఆని టో పైకి లేస్తుంది. పటర్ ఫేస్ నిటారుగా ఉండదు, 3, 4 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది, దాన్నే లాఫ్ట్ అంటారు. టో లేచినప్పుడు ఆ వాలు కాస్తా పక్కకి తిరిగి, కుడిచేతివాడికి ఎడమ వైపు చూస్తుంది.

ఎంత చూస్తుంది? ఆ రాత్రి లెక్కేశాను. 4 డిగ్రీల లాఫ్ట్, టో 5 డిగ్రీలు లేచిందనుకుంటే, గురి సుమారు 0.35 డిగ్రీ ఎడమకి పోతుంది. ఇంతేనా అనిపిస్తుంది కదా? ఇప్పుడు హోల్ వైపు నుంచి చూడండి. హోల్ వెడల్పు 108 మిల్లీమీటర్లు. పది అడుగుల నుంచి, నేల చదునుగా ఉన్నా, మధ్య నుంచి అంచు దాకా మనకున్న స్వేచ్ఛ 1 డిగ్రీ మాత్రమే. అందులో మూడో వంతు నేను కర్ర ఊపకముందే షాపులోనే పోగొట్టుకున్నాను. మిగతాది నా కళ్ళు తిన్నాయి. బంతి దూరంగా ఉండటంతో నా కళ్ళు బంతి గీతకి బాగా లోపల ఉన్నాయి, గీత వంకరగా కనిపిస్తోంది. మొమెంట్ ఆఫ్ ఇనర్షియా ఎంత పెద్దదైనా, తప్పు దిక్కుకి గురిపెట్టిన ఫేస్‌ని సరిచేయదు. అది తప్పు దిక్కుకే బహు స్థిరంగా పంపుతుంది. రెండు నెలలూ నాకు జరిగింది అదే.

అందుకే నా వాదన ఇది. పటర్ ఎంపికలో బ్లేడా మాలెట్టా అన్నది మొదటి ప్రశ్న కాదు, మూడోదో నాలుగోదో. మొదటిది పొడుగు. అదీ ఎత్తుని బట్టి చార్ట్ చూసి కాదు, ఎందుకంటే ఒకే ఎత్తున్న ఇద్దరికి చేతుల పొడవు ఒకటి కాదు, వంగే తీరు ఒకటి కాదు. ఇంట్లో అద్దం నేల మీద పెట్టండి. దాని మీద స్కెచ్ పెన్‌తో గీత గీసి, గీత మీద బంతి పెట్టండి. నడుం దగ్గర వంగి చేతుల్ని వదిలేయండి. కళ్ళు గీత మీదో, దానికి కాస్త లోపలో కనిపించే చోట ఆగండి. ఆ భంగిమలో అరచేతుల పైనుంచి బంతి దగ్గరికి, కడ్డీ వాలులో, టేపు పెట్టి కొలవండి. నాకు 33 వచ్చింది. నాన్నకి 32.

రెండోది, మీ చెయ్యి ఎలా కదులుతుందో. కొందరు పటర్‌ని తిన్నగా వెనక్కి, తిన్నగా ముందుకి ఊపుతారు. కొందరిది తలుపు తెరుచుకుని మూసుకున్నట్టు చిన్న వంపు. షాపులో ఏ పటరైనా తీసుకుని కడ్డీని వేలి మీద బేలన్స్ చేయండి. ఫేస్ ఆకాశం చూస్తే తిన్నటి ఊపుకి నప్పుతుందంటారు. టో కిందకి వేలాడితే వంపు ఊపుకి. అంటారు అని ఎందుకు రాశానంటే, నా దృష్టిలో ఇది నియమం కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే ఆనవాలు మాత్రమే. నాన్న ఊపుకి పుస్తకం ప్రకారం బ్లేడే రావాలి, వచ్చింది. నాదీ వంపే, అయినా నాకు మాలెట్టే కుదిరింది.

పెద్దవాళ్ళని చూసినా ఇదే గోల. టైగర్ వుడ్స్ తన 15 మేజర్లలో 14 ఒకే బ్లేడ్‌తో గెలిచాడు. అది చూసి ఒక తరం మొత్తం బ్లేడ్‌లు కొంది. 2024 మార్చిలో స్కాటీ షెఫ్లర్ మాలెట్‌కి మారి వెంటవెంటనే గెలవడం మొదలుపెట్టగానే ఇప్పుడందరూ మాలెట్‌లు కొంటున్నారు. ఇద్దరూ ఈ లోకంలోనే మేటి ఆటగాళ్ళన్న చిన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆ స్థాయి ప్రొఫెషనల్స్ కూడా 8 అడుగుల నుంచి వేసే పట్‌లలో దాదాపు సగం పోగొట్టుకుంటారు. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే నేను సగం తిట్లు మానేసేవాణ్ణి.

మూడోది మనం ఆడే గడ్డి. టీవీలో కనిపించే గ్రీన్లు గచ్చులా ఉంటాయి, బంతి తాకితే జారుతుంది. వాన తర్వాత మన దగ్గర గ్రీన్లు అలా ఉండవు. బంతి గడ్డిలో కాస్త కూరుకుని కూర్చుంటుంది. అందుకని కొంచెం బరువైన తల, కొంచెం లాఫ్ట్ ఉన్నవి మనకి మేలు. (మన దేశంలో ఒకప్పుడు చాలా చోట్ల గడ్డి కూడా లేదు, నూనె కలిపిన ఇసుకని చదును చేసి ఆడేవారు, వాటిని బ్రౌన్లు అనేవారు.) విదేశీ రివ్యూ చూసి కొనేటప్పుడు ఆ మనిషి ఏ గడ్డి మీద నిలబడి చెబుతున్నాడో చూడండి.

"ఇంత లెక్క ఎందుకు, చేతిలో పట్టుకుంటే తెలిసిపోతుంది" అనేవాళ్ళు ఉంటారు. మా క్లాసులోనే ఒకడున్నాడు, ఆడేది మొబైల్లో గోల్ఫ్. వాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. చూడగానే నచ్చని పటర్‌తో నమ్మకంగా కొట్టలేం. కానీ షాపులో నా చేతికి ఆ 35 అంగుళాలది ఎంత బాగా అనిపించిందో నాకు తెలుసు. చేతికి బాగున్నది చేతికి సరిపోయిందని కాదు. కొత్త చెప్పులు షాపు కార్పెట్ మీద ఎప్పుడు కరిచాయి?

నా మాలెట్ సంగతి చెప్పాలి కదా. అమ్మేద్దామన్నాను. సగానికి కూడా ఎవరూ కొనరన్నాడు నాన్న. పెరట్లో గ్రిప్ చీరి పీకి, పైనుంచి 2 అంగుళాలు హాక్‌సా బ్లేడుతో కోశాడు. 18 వేల కర్ర మీద రంపం పెడుతుంటే నేను ఇంట్లోకి వెళ్ళిపోయాను. కోశాక తల తేలికైనట్టు అనిపించింది. కర్ర పొట్టిదైతే అలాగే ఉంటుంది, తల బరువు పెంచాలి. జాలర్లు వలకి కట్టే సీసం గుళ్ళు రెండు తెచ్చి, సుత్తితో రేకులా కొట్టి, తల అడుగున అతికించాడు. కొత్త గ్రిప్ 600. చూడ్డానికి ఘోరంగా ఉంది. ఎడమకి పోవడం మాత్రం ఆగింది. ఇప్పుడు కుడికీ ఎడమకీ సమానంగా పోతున్నాయి, అది నా చేతుల తప్పు, దాన్ని ఒప్పుకుంటాను.

ఈ ఏడు స్టైపెండ్ వచ్చిన రోజే అమ్మ ఖాతాలో వేశాను. అమ్మ ఫోన్ చేసి "ఈసారి కర్రలేవీ కొనలేదేటి?" అంది, వెనక నుంచి నాన్న నవ్వడం వినిపించింది.

కొనే ఆలోచన ఉన్నవాళ్ళు, లేదా ఇంట్లో అన్నయ్యదో మామయ్యదో పాత పటర్ మూల పడున్నవాళ్ళు, ఆదివారం సాయంత్రం మా రూముకి రండి. అద్దం, టేపు నా దగ్గర ఉన్నాయి. హాక్‌సా కావాలంటే వర్క్‌షాప్‌లో అడగాలి, బ్లేడు మాత్రం మీరే తెచ్చుకోండి.