యుద్ధభూమిలో బహుభాషా విలేఖరులు

మన రాయచూరు సీమలో ఇంట తెలుగు, కచేరీలో కన్నడం, బజారులో ఉరుదూ మాట్లాడని కుటుంబం అరుదు. 1956 వరకు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉండి, ఆ యేట మైసూరు రాష్ట్రంలో కలిసినది గనుక మన పెద్దల నాలుకపై ఈ భాషలన్నీ ఒకదానినొకటి ఒరుసుకొంటూనే ఉండేవి. రాజేంద్రగంజ్‌లో ప్రత్తి బేరం చూడండి: ధర ఒక భాషలో, తగవు ఇంకొక భాషలో, రాజీ మరొక భాషలో. మనకిది వింత గాదు. కాని ఈ విద్యయే తుపాకి మ్రోతల నడుమ ఒకరికి బ్రతుకు తెరువైతే ఎట్లుంటుందో ఈ నెల చదువరులతో ముచ్చటించదలచినాము.

2022 ఫిబ్రవరిలో, రష్యా సేనలు ఉక్రెయిన్ మీద పడబోయే రోజులలో, కీవ్ నగరం నుండి ఫిలిప్ క్రౌథర్ అనే టెలివిజను విలేఖరి ఒకే వార్తను ఆరు భాషలలో చెప్పినాడు. ఆ ఆరు ముక్కలను కలిపి చూపిన చిత్రాన్ని లోకమంతా వేడుకగా చూసినది. ఆయన తండ్రి ఇంగ్లీషువాడు, తల్లి జర్మను వనిత, పెరిగినది లక్సెంబర్గు అనే చిన్న దేశంలో. ఇంట రెండు భాషలు, ఊరి భాష ఒకటి, బడిలో ఫ్రెంచి. స్పానిషు, పోర్చుగీసు తరువాత చదివి సంపాదించినవి. మెచ్చుకోవలసినదే. అయినా మా మనస్సుకు తోచినదేమంటే, ఇది చెప్పే నేర్పు. వినే నేర్పు వేరు, అది ఇంతకంటె కష్టమైనది. సింధనూరు దగ్గర తూర్పు బంగాళం శరణార్థుల కాంపులున్నవి గదా. ఆ పెద్దలు దేశం విడిచిన కథ హిందీలో చెప్పితే నాలుగు వాక్యాలు, తమ భాషలో చెప్పితే ఒక రాత్రి.

వినే నేర్పుకు క్లారిస్సా వార్డ్ మంచి ఉదాహరణ. 1980లో లండనులో పుట్టినది. తండ్రి బ్రిటిషువాడు, తల్లి అమెరికను. 2001 సెప్టెంబరులో న్యూయార్కు జంట భవనాలు కూలిన నాటికి ఆమె యేల్ విశ్వవిద్యాలయంలో చివరి సంవత్సరం విద్యార్థిని. వీరిలో వారికి ఇంతటి ద్వేషం ఎందుకు పుట్టినదో వెళ్ళి అడిగి తెలుసుకోవాలని ఆమె ఆనాడే నిశ్చయించుకొన్నది. అయితే తొలి ఉద్యోగం రణరంగంలో కాదు. 2003లో ఫాక్స్ న్యూస్ కార్యాలయంలో రాత్రి పూట వచ్చిన వార్తలు చూసుకొని ఎవరికి ఏ పని అప్పగించాలో సరిచూసే ఉద్యోగం. ఒక విధంగా మన వంటి గుమాస్తాగిరియే! తరువాత బాగ్దాదు, బీరూటు, మాస్కో, పెకింగు. ఫ్రెంచి, ఇటాలియను ధారాళంగా వచ్చును. అరబ్బీ, రష్యను, స్పానిషు పని జరిగేటంత. చీనా భాష కొద్దికొద్దిగా.

2011లో సిరియా ప్రభుత్వం విలేఖరులను రానీయనప్పుడు ఆమె యాత్రికురాలి వేషంలో, చిన్న కెమెరాతో డమాస్కసులో ప్రవేశించినది. 2015లో సి.ఎన్.ఎన్.లో చేరినది. 2016 ఆరంభంలో ముఖం కనపడకుండా నల్లని ముసుగు ధరించి, తిరుగుబాటుదారుల చేతిలోనున్న ప్రాంతానికి వెళ్ళి, బాంబులు పడిన బజారులనూ ఆసుపత్రులనూ చూపినది. ఆ ఆగస్టులో ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి ఆమెను పిలిచి అలెప్పో నగర వృత్తాంతం విన్నది. విన్నారు గాని ఆ సంవత్సరాంతానికి నగరంలోని ఆ భాగం పడిపోనే పోయినది. 2020లో మాస్కోలో, నవాల్నీపై విషప్రయోగం చేసిన బృందంలోనివాడని అనుమానింపబడిన ఒకని తలుపు తట్టి, రష్యను భాషలోనే ప్రశ్న వేసినది. తలుపు మూసుకొన్నది. మూసుకొన్న తలుపు కూడా ఒక జవాబే అని మేమనుకొంటాము.

ఇంత అనుభవం గల ఆమెకు 2024 డిసెంబరులో జరిగినది వినదగినది. అసదు ప్రభుత్వం పడిపోగానే డమాస్కసులోని ఒక రహస్య చెరసాలలో, దుప్పటి కప్పుకొన్న మనిషి ఒకడు కనపడినాడు. తాను మూడు నెలలుగా వెలుగు చూడని బందీనన్నాడు. అతడు ఆమె చేయి పట్టుకొని బయటకు నడిచిన దృశ్యం ప్రపంచమంతా ప్రసారమైనది. కొద్ది రోజులకే సిరియా దేశస్థులే నడిపే ఒక నిజనిర్ధారణ సంస్థ, అతడు బందీ కాడనీ, పాత ప్రభుత్వపు గూఢచారి విభాగంలో అధికారియనీ చెప్పినది. సి.ఎన్.ఎన్. కూడా విచారించి, ఆ సంగతి తానే ప్రకటించినది. భాష వచ్చినంత మాత్రాన మనిషి తెలియడు. ఆ వీధివాడే ఆ వీధివానిని పోల్చగలడు.

ఇది మన ఊరికి పాత సంగతియే. 1520లో కృష్ణదేవరాయలకూ ఇస్మాయిల్ ఆదిల్‌షాకూ రాయచూరు కోసం జరిగిన యుద్ధాన్ని సవిస్తరంగా వ్రాసినవాడు ఫెర్నావ్ నూనిజ్, పోర్చుగీసు గుర్రాల వర్తకుడు. అదీ సుమారు పదునైదేండ్ల తరువాత, విన్నదానిని బట్టి. కోటపై తుపాకులు కాల్చిన పోర్చుగీసు ఫిగైరేదో పరాక్రమం అందులో ఘనంగా ఉన్నది. తనవాడు గదా! 1900లో సివెల్ దొర పుస్తకం ద్వారా ఇంగ్లీషులో వచ్చి, అటు తరువాత మనవారిలో చాలామందికి తెలిసినది. మన కోట గోడ క్రింద పడినవారి మాట మనకు సముద్రాలు చుట్టి వచ్చినది.

2023 డిసెంబరులో వార్డ్ గాజాలోని రఫాకు, ఎమిరేట్సు వారి ఆసుపత్రి బృందంతో వెళ్ళి, కొద్ది గంటలుండి తిరిగి వచ్చినది. విదేశీ విలేఖరులకు అక్కడ స్వేచ్ఛగా ప్రవేశం లేదు. ఆ చూపినది కూడా గొప్పే. అంతకు ముందూ తరువాతా వార్తలు పంపినవారు గాజా వారే. వారికి దుబాసీ అక్కరలేదు, కెమెరా ముందు ఏడుస్తున్నది వారి ఇరుగుపొరుగే. తిరిగి వెళ్ళడానికి వేరే ఊరు కూడా లేదు. 2023 అక్టోబరు మొదలు రెండేండ్లలో అట్టి పాత్రికేయులు ఇంచుమించు రెండు వందల మంది చనిపోయినారని పాత్రికేయ రక్షణ సంఘాల లెక్క.