ఎర్రమంచి విద్యుత్ కారులో మన పిల్లల వంతు

పెనుకొండ దగ్గర ఎర్రమంచి చేలు వానను నమ్ముకున్నవే. 2017 ఏప్రిల్‌లో కొరియా సంస్థ కియాతో రాష్ట్రం ఒప్పందం చేసుకుంది. 2019లో అక్కడ తయారైన సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. 2025 జూలైలో అదే కర్మాగారం నుంచి విద్యుత్ కారు కారెన్స్ క్లావిస్ విడుదలైంది. కరువు సీమకు ఇది చిన్న విషయమేమీ కాదు.

దారి మాత్రం నున్నగా లేదు. 2020 ఫిబ్రవరిలో కర్మాగారం తమిళనాడుకు తరలిపోతుందన్న వార్త వచ్చింది. సంస్థ, ప్రభుత్వం రెండూ ఖండించాయి. 2025లో దాదాపు 900 ఇంజన్లు మాయమయ్యాయని పోలీసు కేసు నమోదైంది. ఇంజన్లంటే జేబులో వేసుకుపోయేవి కావు కదా!

మా దిగులు వేరు. విద్యుత్ కారుకు ఇంజనే ఉండదు. సైలెన్సరు, పెట్రోలు ట్యాంకు అక్కరలేదు. వాటి విడిభాగాల పని తగ్గినప్పుడు డీజిల్ మెకానిక్ కోర్సు చదివిన ఐటీఐ కుర్రవాడు ఎక్కడికి వెళ్లాలి? మళ్లీ బెంగళూరు బస్సెక్కాలా?

పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని 2019లో రాష్ట్రం చట్టం చేసింది. అర్హులు దొరక్కపోతే మూడేళ్లలో శిక్షణ ఇచ్చి పనిలోకి తీసుకోవాలని కూడా అందులోనే ఉంది. అందరూ 75 అనే అంకెనే పట్టుకున్నారు, శిక్షణ మాట మరిచారు. గేటు కాపలా, క్యాంటీను పనులతో ఆ లెక్క నింపితే ఒప్పుకోలేం. బ్యాటరీ, మోటారు, సాఫ్ట్‌వేర్ పనులు నేర్పే తరగతులు పెనుకొండ, హిందూపురం పిల్లలకు ఎప్పుడు మొదలవుతాయో ప్రభుత్వం, సంస్థ కలిసి తేదీతో సహా చెప్పాలి.